ఫ్యాక్స్ గడిలో పది సున్నాలు

కమిట్ అని టైపు చేసి ఎంటర్ నొక్కే ముందు నా అరచేతులకు చెమట పడుతుంది. పదకొండేళ్లుగా ఇదే పని, పదకొండేళ్లుగా ఇదే చెమట. చున్నీకి చేతులు తుడుచుకుంటాను, తెర మీది వాక్యాన్ని మళ్లీ మొదటినుంచి చదువుతాను, కుర్చీలోంచి ఒకసారి లేచి కూర్చుంటాను. మా అత్తగారు ఈ తతంగం చాలాసార్లు చూశారు. "పరీక్ష రాసే గుంటలాగ ఏటే ఆ కంగారు, కూకోని నొక్కీ" అంటారు. ఆవిడకేం తెలుసని లోపల విసుక్కుంటాను గానీ ఆవిడ పట్టుకున్నది నిజమే. నాకు భయం.

ఆ భయం ఎందుకో తెలియాలంటే పని గురించి కొంచెం చెప్పాలి. ఆసుపత్రిలాంటి చోట మనుషుల వివరాలన్నీ కంప్యూటరులో పట్టికలుగా ఉంటాయి. పేరుకో గడి, వయసుకో గడి, ఫోను నంబరుకో గడి. ఈ అమరికనే స్కీమా అంటాం. కొత్త గడి చేర్చాలన్నా పాతది తీసేయాలన్నా, ఏం మారాలో ఒక ఫైలులో రాసి, దానికి వరస సంఖ్య వేసి, నల్లటి తెర మీద ఒక కమాండు ఇవ్వాలి. బొమ్మలుండవు, బొత్తాలుండవు. అది ఏమేం చేయబోతోందో ముందు చూపిస్తుంది, కమిట్ చేయమంటావా, అంటే ఖాయం చేసేయమంటావా అని అడుగుతుంది, అవునంటే చేసేస్తుంది. మనిషైతే నా ముఖం చూసి, బాగా ఆలోచించుకున్నావా అని ఇంకోసారి అడిగి ఉండేవాడు.

మాది చిన్న కంపెనీ. ఆఫీసు విశాఖలో ఉంది, నేను మాత్రం రాజాంలో మా ఇంటి మేడ మీది గదిలోంచే పనిచేస్తాను. కింద వీధిలో ధాన్యం లారీ వెనక్కి తీస్తుంటే నా బల్ల మీద మంచినీళ్ల గ్లాసు కదులుతుంది. మేం చూసే సాఫ్ట్‌వేర్లలో ఒకటి శ్రీకాకుళం జిల్లాలోని ఒక డయాలసిస్ కేంద్రానిది. ఏ ఊరో చెప్పను. పన్నెండు మంచాలు, రోజుకు మూడు షిఫ్టులు. ఒక్కొక్కరూ వారానికి మూడుసార్లు వచ్చి నాలుగేసి గంటలు యంత్రం పక్కన పడుకుంటారు. కిడ్నీలు చేయలేని పని ఆ యంత్రం చేస్తుంది. ఒంట్లోని రక్తం గొట్టాల్లోంచి బయటికి వచ్చి, శుభ్రపడి, తిరిగి ఒంట్లోకి వెళుతుంది.

ఆ మంగళవారం నాకున్న పని నిజానికి సులువైనది. షిఫ్టు మార్చుకోవాలనుకునే వాళ్లకోసం ఒక కొత్త పట్టిక చేర్చాలి, అంతే. సోమవారమే రాసేశాను, పరీక్షించాను, బాగానే ఉంది. అక్కడితో ఆగితే ఈ కథే లేదు. ఫైలు మూసేయబోతుంటే రోగుల పట్టికలో ఫ్యాక్స్ అన్న గడి కంటపడింది.

ఆ సాఫ్ట్‌వేరును ఎప్పుడో ఏదో పెద్ద నగరంలోని ఆసుపత్రికోసం చేసిన దాంట్లోంచి తీసుకున్నారు. అందుకని రోగి ఫోను నంబరు పక్కనే ఫ్యాక్స్ నంబరు కూడా అడుగుతుంది. నాకు ఒళ్లు మండింది. జీడితోటలో పనిచేసుకునే మనిషికి ఫ్యాక్సేమిటి, నా తలకాయ! పనికిరాని వస్తువు కనిపిస్తే నా చేతులు ఊరుకోవు. ఇంట్లో కూడా అంతే. విరిగిందనుకుని మా అత్తగారి పాత కళ్లజోడు పారేసి వారం రోజులు మాటలు పడ్డాను. అయినా బుద్ధి రాలేదు.

వెతకకుండా ఏమీ తీయలేదు, ఆ మాట నా తరఫున చెప్పుకోవాలి. ప్రోగ్రాం అంతా గాలించాను. ఏ నివేదికా ఆ గడిని వాడటం లేదు, రోగికిచ్చే ఏ చీటీ మీదా అది అచ్చు కావడం లేదు. నా దగ్గరున్న నమూనా పట్టికలో ఆ గడి మొత్తం ఖాళీ. అయితే నమూనాలో ఉన్నది కల్పించిన మనుషులు. అసలు రోగుల వివరాలు, ఏదైనా పాడై బాగుచేయాల్సి వస్తే తప్ప, మాకు చూపించరు, చూపించకూడదు కూడా. లేని మనుషులకు ఫ్యాక్స్ ఎక్కణ్ణించి వస్తుందని నాకు తట్టలేదు. ఆ గడి తీసెయ్యమని ఒక్క వాక్యం చేర్చాను.

మార్పులన్నీ చూసి సరేననే పెద్దాయన విశాఖలో ఉంటారు. ఆయనకో పద్ధతి ఉంది. "చేర్చేది చేర్చు. తీసేది మాత్రం ముందు కనబడకుండా దాచి, ఓ నెల చూసి, ఎవరూ అడక్కపోతే అప్పుడు తియ్యి" అంటారు. ఈసారీ అదే అన్నారు. "సార్, అది ఫ్యాక్సు" అన్నాను. ఆయన నవ్వేశారు. నవ్వి, సరే కానీ అన్నారు.

మొదటి షిఫ్టు దిగి రెండోది ఎక్కేలోపు గంటసేపు ఖాళీ ఉంటుంది. పదకొండు గంటలకు అక్కడి పెద్ద సిస్టరుకు ఫోను చేసి, పది నిమిషాలు కంప్యూటరు ముట్టుకోవద్దని చెప్పాను. ఆవిడది గజపతినగరం వైపు. యాభై దాటిన మనిషి, గొంతు పెద్దది. "అలాగేనమ్మా, బేగి కానివ్వండి, జనం వచ్చీసినారు" అన్నారు. చేతులు తుడుచుకున్నాను, చదివాను, లేచి కూర్చున్నాను, నొక్కాను. మూడు సెకన్లు పట్టింది. ఆకుపచ్చ అక్షరాల్లో అయిందని వచ్చింది. ప్రాణం లేచొచ్చి కిందికి దిగి టీ పెట్టుకున్నాను.

టీ సగంలో ఉండగా ఫోను మోగింది.

"అమ్మా, ఫ్యాక్సు గడేదమ్మా? కనపడ్డం నేదు."

నాకు నవ్వొచ్చింది. "తీసేశానండి. మీ దగ్గర ఫ్యాక్సు మిషనే లేదు కదా."

"మిషనుతోటి మాకేటి పని! సున్నాలు అందులోనే గదా ఎడతాం."

"ఏం సున్నాలండీ?"

చెప్పుల చప్పుడు వినిపించింది, తలుపు వేసిన చప్పుడు వినిపించింది. తర్వాత గొంతు తగ్గించి, "హెపారిన్ వద్దన్నోళ్లకమ్మా" అన్నారు.

హెపారిన్ అంటే యంత్రం గొట్టాల్లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు. మామూలుగా దాదాపు అందరికీ ఇస్తారు. కొందరికి కొన్ని రోజుల్లో ఇవ్వకూడదు. కడుపులో పుండు ఉన్నవాళ్లకు, ముందురోజు పన్ను పీకించుకున్నవాళ్లకు, నెలసరిలో రక్తం ఎక్కువగా పోతున్న ఆడవాళ్లకు. వాళ్లకు ఆ మందు పడితే కారే రక్తం ఒక పట్టాన ఆగదు. ఈ సంగతి నాకు ఆ సిస్టరు రెండు ముక్కల్లో చెప్పారు. వింటూ మెట్ల మీద కూర్చుండిపోయాను.

భయం వేస్తే నాకు ముందు కోపం వస్తుంది. "రిమార్కులు అని అంత పెద్ద గడి ఇచ్చాం కదండీ, అందులో రాయొచ్చు కదా!" అని అరిచాను.

"అది సీటీ మీద అచ్చయిపోతాది గదమ్మా. ఆ సీటీ ఆల మావ సేతికి ఎల్తాది, నేదంటే మరిది సేతికి ఎల్తాది. ఆడమనిషి నెల సంగతి సీటీకెక్కితే ఆయమ్మ ఇంకోపాలి మాతో సెప్తాదేటి? సెప్పదు. మందు ఎయ్యించీసుకుంతాది. ఫ్యాక్సు గడి అయితే అచ్చవదు. అంకెలు తప్ప మరోటి ఎక్కనివ్వదు. అందుకని పది సున్నాలెడతాం. సున్నాలుంటే మందు వద్దన్నట్టు."

ఎన్నాళ్లుగా అని అడిగాను. మొదటినుంచీ అన్నారు. ఎవరూ నేర్పలేదు, వాళ్లే కనిపెట్టుకున్నారు. చీటీ ఎవరి చేతికి వెళుతుందో తెలిసినవాళ్లు కాబట్టి కనిపెట్టుకోగలిగారు. నాకు ఆ ఆలోచనే రాలేదు, నేనూ ఆడదాన్నే అయ్యుండి.

"కాగితం మీద కూడా రాసుకున్నారా?" అన్నాను. అనగానే జవాబు నాకే గుర్తొచ్చింది. ఆరు నెలల కిందట ఆ కేంద్రానికి వెళ్లినప్పుడు కంప్యూటరు పక్కన ఒక నోటుపుస్తకం చూశాను. రెండు చోట్ల రాస్తే తప్పులొస్తాయి, అంతా కంప్యూటర్లోనే ఉండాలి అని అందరి ముందూ గట్టిగా చెప్పి, ఆ పుస్తకం బీరువాలో పెట్టించి వచ్చాను.

"మీరే గదమ్మా పుస్తకం మూయించీసినారు" అన్నారు ఆవిడ. నిష్ఠూరంగా అనలేదు, ఉన్నమాట అన్నారు. తిట్టినా బాగుండేది.

పైకి పరిగెత్తాను. చేసిన మార్పును వెనక్కి తిప్పడానికి ఇంకో కమాండు ఉంటుంది. ఇచ్చాను. ఫ్యాక్స్ గడి తిరిగి వచ్చింది, ఖాళీగా. గడిని తిరిగి పెట్టమనే రాసుకున్నాను, అందులో ఉన్నవి ఎక్కణ్ణించి తెస్తుంది? అది ఖాళీగానే వస్తుందని నాకు తెలుసు. తెలిసి కూడా, ఏమో, వస్తుందేమోనని ఆ తెర వంక చూశాను.

విశాఖ పెద్దాయనకు ఫోను చేశాను. మొట్టికాయలు తినడానికి సిద్ధపడే చేశాను. ఆయన, "తెల్లవారుజామున నాలుగింటి బ్యాకప్ దించడం మొదలెట్టావా?" అని మాత్రం అడిగారు. నాకు ఏడుపొచ్చేసింది. "ఇప్పుడు కాదమ్మా, తర్వాత ఏడుద్దువుగాని" అన్నారు.

బ్యాకప్ అంటే పట్టికలన్నిటికీ రోజుకోసారి తీసి దాచే నకలు. అది దిగడానికి గంట పడుతుందని చూపించింది. అదయినా నాలుగింటి వరకు రాసినదే. ఆ తర్వాత రాసినవి ఎక్కడా లేవు. సిస్టరుకు మళ్లీ ఫోను చేసి, పొద్దున్న ఎవరికైనా సున్నాలు పెట్టారా అని అడిగాను.

అక్కడ ఒక పద్ధతి ఉంది. ఒక ఊరి రోగులంతా ఒకే ఆటోలో తెల్లవారకముందే బయల్దేరి వస్తారు. రెండో షిఫ్టు వాళ్లు కూడా మొదటి షిఫ్టు వాళ్లతోపాటే వచ్చి వరండాలో కూర్చుంటారు. రాగానే పొద్దుటి సిస్టరు చెవిలో చెప్పాల్సింది చెప్పేస్తారు.

"రెండో షిఫ్టులో ఒకామెకి ఎట్టినానని అన్నాదమ్మా ఆ సిస్టరు ఎల్లినప్పుడు. ఎవులికో నాను అడగనేదు. కంప్యూటర్లో ఉంతాది గదా అనుకున్నాను."

"ఆ సిస్టరుకి ఫోను చెయ్యండి!"

"సేస్తన్నాం. శ్రీముఖలింగం బస్సెక్కింది, ఆలింట్లో ఏదో పూజ. ఫోను ఎత్తడం నేదు."

రెండో షిఫ్టులో ఐదుగురు ఆడవాళ్లు. వాళ్లలో ఒకరికి మందు పడకూడదు. ఎవరికో ఎవరికీ తెలియదు. ఆ ఒక్క పేరును మూడు సెకన్లలో నేను చెరిపేశాను. ఇది తప్ప ఆ రోజు నా బుర్రలో ఇంకో ఆలోచన లేదు.

"వాళ్లనే అడగండి" అన్నాను. సిస్టరు ఫోను చేతిలో పట్టుకునే వార్డులోకి వెళ్లారు. ఒక్కొక్కరి దగ్గర ఆగి మెల్లగా అడగడం నాకు వినిపిస్తూనే ఉంది. ఒకరి పక్కన అత్త, ఒకరి పక్కన మావ, ఎదురుగా మగ టెక్నీషియను. మంచానికీ మంచానికీ మధ్య తెరలు లేవు. ఐదుగురూ ఒకే మాట అన్నారు. "ఏటీ నేదు."

"ప్రాణం మీదికొస్తుందని గట్టిగా చెప్పండి సిస్టర్!"

"గట్టిగా సెప్తే ఇంకా నోరు మూసుకుంతారమ్మా."

పోనీ గంట ఆగుదామంటే అదీ కుదరదు. వాళ్లకు కిందటి డయాలసిస్ శనివారం జరిగింది. ఆది, సోమ రెండు రోజుల నీరు ఒంట్లో చేరి ఉంది. ఫోనులో ఎవరో పెద్దాయన ఎగశ్వాస వినిపిస్తోంది, మాట మాటకీ మధ్య ఆయాసం. బ్యాకప్ పద్దెనిమిది శాతం దగ్గర ఉంది. ఆ అంకె కదలడం కోసం చూస్తూ నేను దేవుణ్ణీ ఇంటర్నెట్ వాణ్ణీ కలిపి తిట్టుకున్నాను.

పావుగంట తర్వాత సిస్టరే ఫోను చేశారు. ఈసారి అమ్మా, అండీ అన్నీ పోయాయి. "నువ్వు కంగారు పడకు. డాక్టరుగారితో మాటాడినాను. ఎవులికీ మందు ఎయ్యం. పన్నెండు మందికీ సున్నాలే అనుకుంతన్నాం."

"మందు లేకపోతే గొట్టాల్లో గడ్డ కట్టదా?"

"కడతాది. అందుకని పావుగంటకోపాలి సెలైనుతోటి కడుగుతాం. సూసుకుంతాం గానీ నీ పని నువ్వు సూసుకో."

నేను లెక్క వేసుకున్నాను. పన్నెండు మంచాలు, ఇద్దరు సిస్టర్లు, ఒక టెక్నీషియను. పావుగంటకొకసారి ప్రతి గొట్టం, నాలుగు గంటలు. నేను తీసేసిన ఒక్క గడి స్థానంలో వాళ్లు నిలబడ్డారు.

పన్నెండున్నరకు బ్యాకప్ దిగింది. పాత సున్నాలు ముగ్గురికి ఉన్నాయి. ఇద్దరు మగవాళ్లు, ఒకావిడ. ఆ ఒకావిడ మూడో షిఫ్టు. అనుకున్నట్టే పొద్దుటిది అందులో లేదు. ఉన్నవాటిని గడిలోకి చేర్చేసి లాప్‌టాప్ సంచిలో వేసుకుని బస్సెక్కాను. వెళ్లి చేసేదేమీ లేదని తెలుసు. మేడ మీద కూర్చోలేకపోయాను. దారి పొడుగునా ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మోగితే భయం, మోగకపోతే భయం. పక్క సీటావిడ, "ఎవులికి బాగోనేదమ్మా?" అని అడిగింది. ఏం చెప్పాలో తెలియక, మా వాళ్లకే అన్నాను.

మూడు దాటాక చేరాను. పెద్ద సిస్టరు మంచం నుంచి మంచానికి తిరుగుతున్నారు. క్లిప్పు వదలడం, సెలైను పోనివ్వడం, గొట్టం రంగు చూడటం, క్లిప్పు బిగించడం, పక్క మంచానికి వెళ్లడం. పన్నెండోది అయ్యేసరికి మొదటిదానికి వేళవుతోంది. మధ్యాహ్నం అన్నం తినలేదని ఎవరూ చెప్పక్కర్లేదు, క్యారేజీ మూత తీయకుండా కిటికీలో ఉంది. ఎనిమిదో మంచం పెద్దాయన రక్తం వడకట్టే ఫిల్టరు రెండింటికి గడ్డకట్టేసిందట. మార్చారు. అందులో ఉన్న ఆయన రక్తం వృథా అయిపోయింది. అది నా వల్ల. ఆయనకు ఆ సంగతి తెలియదు, నన్ను చూసి ఎవరి తాలూకా అని అడిగారు.

"సిస్టర్, నేనేం చెయ్యను?" అన్నాను.

"కూకో" అన్నారు, తల తిప్పకుండానే.

నాలుగు తర్వాత ఒక్కొక్కరినే యంత్రాలనుంచి విడదీశారు. ఎవరికీ ఏమీ కాలేదు. నేను వరండా పక్కన కంప్యూటరు ముందు కూర్చుని, బ్యాకప్ నుంచి వచ్చినవి సరిగ్గా ఉన్నాయో లేదో నాలుగోసారి చూసుకుంటున్నాను. పాతికేళ్లుండే ఒకమ్మాయి బరువు చూసుకుని వచ్చి నా కుర్చీ పక్కన నిలబడింది. చేతికి కట్టు, పమిట భుజం చుట్టూ బిగించి కప్పుకుంది. గుమ్మం వైపు ఒకసారి చూసి వంగి అడిగింది.

"కంప్యూటరు మేడమంటే మీరేనా? ఐదో మంచం నాది. నాకు సున్నాలున్నాయో నేవో సూడండి. పొద్దున్న ఆ సిస్టరు ఎట్టినాది."

కుర్చీ ఆ అమ్మాయి వైపు తిప్పాను. "పెద్ద సిస్టరు అడిగితే ఏటీ లేదన్నావట కదమ్మా" అన్నాను.

"మా మావ ఎదరే ఉన్నాడు. ఎలగ సెప్తాను? అయినా పొద్దున్నే రాయించీసినాను గదా. రాసినది ఎక్కడికి పోతాది అనుకున్నాను."

ఆ అమ్మాయి అంత ధీమాగా నోరు మూసుకుని పడుకుంది. అక్కడ సిస్టరు కాకుండా నాలాంటి తొందర మనిషి ఉండి ఉంటే, ఏటీ నేదన్న మాట పట్టుకుని మందు వేసేసి ఉండేది. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

"నేనే చెరిపేశానమ్మా" అన్నాను. మొదటిసారి ఆ అమ్మాయికి వినబడలేదు, రెండోసారి వినబడేటట్టు చెప్పాను. "నువ్వు రాయించింది నేనే చెరిపేశాను. పనికిరాదనుకున్నాను."

తిడుతుందనుకున్నాను. నా ముఖంలోకి చూసింది, మళ్లీ గుమ్మం వైపు చూసింది. బయట ఆటో ఇంజను మొదలైంది.

"అయితే బేగి రాయండి. మా మావ వచ్చీస్తన్నాడు. మల్లా గురువారం రావాల."

తన పేషెంటు నంబరు చెప్పింది. పట్టిక తెరిచి ఆ గడిలో సున్నాలు కొట్టాను. ఆ అమ్మాయి వెంటనే వెళ్లిపోలేదు. తెర మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, పదీ ఉన్నాయో లేదో ఒక్కొక్కటే లెక్కపెట్టుకుని అప్పుడు వెళ్లింది.